పాత కంప్యూటర్ మొరాయిస్తే మనమే విప్పాలా, మెకానిక్‌కు ఇవ్వాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో చాలా ఏళ్లుగా ఒక చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. నేను కంప్యూటర్ మెకానిక్‌ను కాను. అయితే షాపులోని మూడు పాత డెస్క్‌టాప్‌లను ఇన్నాళ్లూ నడిపించుకోవలసి రావడం వల్ల ఏది నా చేత అవుతుందో, ఏది కాదో కొంత తెలిసింది. షాపుకు వచ్చేవారు, బంధువులు, దేవరకొండ, మిర్యాలగూడ వైపు నుంచి ఫోన్ చేసే మిత్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాశాను.

సొంతంగా చేయాలా, డబ్బులిచ్చి చేయించాలా అన్నది దేన్ని బట్టి నిర్ణయించుకోవాలి?

చాలామంది "నాకు వస్తుందా, రాదా" అని ఆలోచిస్తారు. దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ పనిలో నేను తప్పు చేస్తే ఆ తప్పును మళ్లీ సరిచేయగలనా? రామ్ (పని జరిగేటప్పుడు సమాచారాన్ని తాత్కాలికంగా ఉంచే మెమరీ చిప్పుల పలక) సరిగ్గా కూర్చోకపోతే కంప్యూటర్ ఆన్ కాదు, తీసి మళ్లీ పెడితే సరిపోతుంది. ఆ తప్పుకు ఖర్చు పది నిమిషాల సమయం మాత్రమే. అదే చప్పుడు చేస్తున్న హార్డ్ డిస్క్‌ను "ఒకసారి చూద్దాం" అని పదే పదే ఆన్ చేస్తే, అందులో ఉన్న పదేళ్ల ఫోటోలు, లెక్కలు తిరిగి రాకుండా పోవచ్చు. ఈ రెండు పనుల్లో చేతికి కావలసిన నైపుణ్యం దాదాపు ఒకటే, నష్టంలో మాత్రం పోలికే లేదు.

అందువల్ల నా పద్ధతి ఇది. లోపం ఎక్కడుందో కనిపెట్టే పని వీలైనంతవరకు మనమే చేయాలి, ఎందుకంటే చప్పుడు చేసే డిస్క్ లాంటిది తప్ప, చూడటం వల్ల ఏమీ పాడవదు. విప్పడం, మార్చడం మాత్రం తప్పు జరిగినా తట్టుకోగల చోటే చేయాలి. షాపుకు ఇవ్వక తప్పని పరిస్థితిలో కూడా, "ఏమైందో తెలియదు, చూడండి" అని ఇచ్చే మనిషికీ, "రామ్ మార్చి చూశాను, వేరే మానిటర్ పెట్టి చూశాను, ఫ్యాన్ తిరుగుతోంది గానీ డిస్‌ప్లే లేదు" అని చెప్పి ఇచ్చే మనిషికీ వచ్చే బిల్లులో తేడా ఉంటుంది.

కంప్యూటర్ అసలు ఆన్ కావడం లేదు. షాపుకు తీసుకెళ్లే ముందు ఏమి చూడాలి?

ముందు యూపీఎస్‌ను చూడండి. మా షాపుకు "కంప్యూటర్ చచ్చిపోయింది" అని మోసుకొచ్చిన చాలా డెస్క్‌టాప్‌లు నిజానికి బాగానే ఉన్నాయి, పోయింది యూపీఎస్‌లోని బ్యాటరీ. ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్‌లలో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంటుంది, దాని ఆయుష్షు రెండు మూడేళ్లకు మించడం అరుదు. యూపీఎస్‌ను పక్కన పెట్టి, కంప్యూటర్‌ను నేరుగా గోడలోని ప్లగ్గుకు కలిపి చూస్తే ఒక్క నిమిషంలో సంగతి తేలుతుంది. బ్యాటరీ మార్చడం మనమే చేసుకోదగ్గ పని. యూపీఎస్‌ను ప్లగ్గు నుంచి పూర్తిగా తీసేసి, ఎర్ర వైరు ప్లస్‌కు, నల్ల వైరు మైనస్‌కు పెట్టి, స్పానర్‌గానీ స్క్రూడ్రైవర్‌గానీ రెండు టెర్మినళ్లకు ఒకేసారి తగలకుండా చూసుకుంటే చాలు.

తర్వాత పవర్ కేబుల్‌ను వేరేది పెట్టి చూడండి. క్యాబినెట్ వెనక ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చి ఇచ్చే డబ్బా) దగ్గర ఉండే చిన్న స్విచ్‌ను చూడండి, ఇల్లు ఊడ్చేటప్పుడు అది ఆఫ్ అయిన సందర్భాలు నేను ఎన్నో చూశాను. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసేసి, బ్యాటరీ ఊడేదైతే దాన్నీ తీసేసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుని, ఆ తర్వాత ఛార్జర్ మాత్రమే పెట్టి ఆన్ చేయాలి. ఇంత చేసినా లైటు కూడా వెలగకపోతే అప్పుడు ఎస్‌ఎంపీఎస్‌నో, అన్ని భాగాలూ తగిలించే ప్రధాన బోర్డు అయిన మదర్‌బోర్డునో అనుమానించాలి.

ఈ సందర్భంలోనే ఎర్తింగ్ గురించి చెప్పాలి. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందంటే కంప్యూటర్‌ను తిట్టే ముందు ఇంటి ఎర్తింగ్‌ను చూపించండి. మన జిల్లాల్లో ఎండాకాలం నేల ఎండిపోయినప్పుడు ఎర్త్ గుంత కూడా ఎండిపోతుంది, తడి లేని మట్టి గుండా కరెంటు సరిగ్గా పారదు. పెద్దలు ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి అప్పుడప్పుడు బిందెడు నీళ్లు పోయమన్నది ఇందుకే. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల బోర్డులో పెట్టే అలవాటును కూడా మానుకోవాలి.

ఫ్యాన్ తిరుగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, కానీ డిస్‌ప్లే రావడం లేదు. ఇది పెద్ద రిపేరేనా?

కాకపోవచ్చు. పాత డెస్క్‌టాప్‌లలో ఈ లక్షణానికి నాకు ఎక్కువగా కనిపించిన కారణం రామ్ కాంటాక్టుల మీద పేరుకున్న మురికి. ప్లగ్గు తీసేసి, పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి మిగిలిన కరెంటును పోనిచ్చి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో ముట్టుకుని, రామ్ రెండు చివర్ల క్లిప్పులు వంచి బయటకు తీయాలి. పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో బంగారు రంగు కాంటాక్టులను మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టును దులిపి, రెండు వైపులా "టక్" అనే దాకా నొక్కి పెట్టాలి. రెండు రామ్‌లు ఉంటే ఒక్కొక్కటే పెట్టి, స్లాట్లు మార్చి చూస్తే పోయినది ఏదో తెలుస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు (డిస్‌ప్లే కోసం విడిగా పెట్టే కార్డు) ఉన్న కంప్యూటర్‌లో మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు పెట్టి "డిస్‌ప్లే లేదు" అనుకునేవారూ ఉన్నారు. నవ్వొచ్చినా ఇది మామూలుగా జరిగేదే, కాబట్టి కేబుల్ కార్డుకే ఉందో లేదో చూసుకోండి.

కొత్త రామ్ కొనవలసి వస్తే పాతదాన్ని జేబులో పెట్టుకుని వెళ్లండి. డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4 రామ్‌ల అడుగున ఉండే గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది, ఒక దానిలో మరొకటి పట్టదు. ల్యాప్‌టాప్‌లలో ఇంకో మెలిక ఉంది. మామూలు డీడీఆర్3 1.5 వోల్టులతో నడుస్తుంది, డీడీఆర్3ఎల్ 1.35 వోల్టులతో నడుస్తుంది. గాటు మాత్రం రెండింటికీ ఒకచోటే ఉండటం వల్ల తప్పుది కూడా స్లాట్‌లో పడుతుంది, కానీ కొన్ని ల్యాప్‌టాప్‌లు దానితో ఆన్ కావు. పాత రామ్ స్టిక్కర్ మీద ఏముందో చూసి అదే అడగడం మంచిది.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ తప్పు చూపిస్తోంది, వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదు.

మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 అనే 3 వోల్టుల బ్యాటరీ అయిపోయింది. వాచీలు బాగు చేసే దుకాణంలో కూడా దొరుకుతుంది. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్ల గడువు సరిపోలక బ్రౌజర్ వాటిని ఆపేస్తుంది. దీనికోసం సర్వీసు ఛార్జీ ఇవ్వవలసిన అవసరం లేదు.

చాలా నెమ్మదిగా ఉంది. షాపులో "ఫార్మాట్ కొట్టాలి" అంటున్నారు. నిజమేనా?

ఫార్మాట్ చేస్తే, అంటే డిస్క్‌ను తుడిచి విండోస్‌ను మళ్లీ ఎక్కిస్తే, కొన్ని వారాలు చురుకుగా ఉండి మళ్లీ మొదటికే వస్తుంది, ఎందుకంటే చాలా సందర్భాల్లో అసలు కారణం పాత తిరిగే హార్డ్ డిస్క్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు కూడా అందులో డిస్క్ 100 శాతం దగ్గరే నిలబడి ఉంటే, ఆ కంప్యూటర్‌కు కావలసింది ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పలకలకు బదులు చిప్పుల్లో సమాచారం దాచే డిస్క్. మెమరీ నిండిపోయి ఉంటే రామ్ పెంచాలి. రెండూ తక్కువగా ఉండి ప్రాసెసర్ మాత్రమే నిండిపోతుంటే, అది ఎక్కువ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటోందా, వైరస్ ఉందా అన్నవి చూడాలి. అవి కాకపోతే ఆ యంత్రం మీద డబ్బు పెట్టే ముందు ఆలోచించాలి.

2.5 అంగుళాల సాటా (డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే ఒక రకం కనెక్షన్) ఎస్‌ఎస్‌డీ పదేళ్లు దాటిన కంప్యూటర్‌లకు కూడా సరిపోతుంది. మన ఊళ్లలో ఇప్పటికీ లెక్కలేనన్ని నడుస్తున్న హెచ్61 మదర్‌బోర్డులలో, అంటే రెండో, మూడో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌లలో, సాటా పోర్టుల వేగం సెకనుకు 3 గిగాబిట్లే. కొత్త బోర్డులలో అది 6 గిగాబిట్లు. "ఈ పాత బోర్డుకు ఎస్‌ఎస్‌డీ దండగ" అని కొందరు షాపువాళ్లు చెప్పేది దీన్ని చూసే. పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు ఆ తేడా నిజంగానే కనిపిస్తుంది. కానీ రోజువారీ వాడకంలో విసిగించేది వేల చిన్న చిన్న ఫైళ్ల కోసం హార్డ్ డిస్క్ సూది అటూ ఇటూ తిరగడానికి పట్టే సమయం, ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు గనుక పాత పోర్టు మీద కూడా ఆ నిరీక్షణ పోతుంది. నా షాపులోని హెచ్61 కంప్యూటర్ సాక్షిగా చెబుతున్నాను.

డెస్క్‌టాప్‌లో ఈ పని సొంతంగా చేసుకోవచ్చు. స్టార్ స్క్రూడ్రైవర్, ఒక సాటా కేబుల్, ఖాళీగా ఉన్న ఒక పవర్ కనెక్టర్ ఉంటే చాలు. పాత హార్డ్ డిస్క్‌ను తీసి పక్కన పెట్టి, విండోస్‌ను కొత్త ఎస్‌ఎస్‌డీలో ఎక్కించండి. పాత డిస్క్‌లోని సరుకు చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది కాబట్టి, పని మధ్యలో చెడినా దాన్ని తిరిగి తగిలిస్తే నిన్నటి కంప్యూటర్ నిన్నటిలాగే వస్తుంది. ఒకవేళ షాపులోనే చేయించినా ఇదే పద్ధతిలో చేయమనండి, క్రాక్ చేసిన (దొంగ) విండోస్ మాత్రం వద్దనండి. అలాంటి వాటితో పాటు లోపలికి ఏమేమి వస్తాయో వేసినవాడికీ తెలియదు, అదే కంప్యూటర్‌లో మీరు బ్యాంకు పాస్‌వర్డ్ కొడతారు.

ఎండాకాలంలో పదిహేను నిమిషాలకే ఆగిపోతోంది. మదర్‌బోర్డు పోయినట్టేనా?

బయట 44 డిగ్రీలు ఉన్న రోజున, రేకుల షెడ్డు కింద, దుమ్ముతో నిండిన క్యాబినెట్‌లో ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోందని ముందుగా అనుకోండి. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఆఫీసుల్లో ఉండే కంప్యూటర్‌ల లోపల తవుడు దుమ్ము మెత్తటి పరుపులా పేరుకుంటుంది, పత్తి మిల్లుల దగ్గర హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మె) రెక్కల మధ్య దూది పోగులు జాలీలా అల్లుకుంటాయి. గాలి ఆడని చోట కొత్త ప్రాసెసర్ అయినా ఆగిపోతుంది.

ఆరుబయట పెట్టి బ్లోయర్‌తో దుమ్ము ఊదేయండి. ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకుని ఊదాలి, లేకపోతే అది అదుపు లేని వేగంతో తిరిగి పాడవుతుంది. తడిగుడ్డ పనికిరాదు. హీట్‌సింక్ తీసి, దానికీ ప్రాసెసర్‌కూ మధ్య వేడి సాగడానికి పూసే థర్మల్ పేస్ట్ మార్చడం కొంచెం ధైర్యం కావలసిన పని. ఇంటెల్ డెస్క్‌టాప్‌లలో చాలా ఏళ్లుగా పిన్నులు ప్రాసెసర్‌కు కాక మదర్‌బోర్డు సాకెట్‌లో ఉంటున్నాయి, అవి వంగితే బోర్డే పోయినట్టు లెక్క. కాబట్టి ప్రాసెసర్‌ను సాకెట్ నుంచి కదిలించకుండా, పైన మాత్రమే తుడిచి బఠానీ గింజంత పేస్ట్ పెట్టి మూసేయండి.

సొంతంగా అస్సలు ముట్టుకోకూడనివి ఏవి?

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను విప్పకండి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది. లోపల బల్లి పడి కాలినా, ఫ్యాన్ ఆగినా, డబ్బా మొత్తాన్ని మార్చడమే మేలు, దాన్ని మార్చడం మాత్రం నాలుగు స్క్రూల పని.

ఉబ్బిన ల్యాప్‌టాప్ బ్యాటరీ మరీ ప్రమాదం. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు భాగం బల్ల మీద సమంగా కూర్చోకపోయినా వెంటనే ఛార్జింగ్ ఆపేయాలి. నొక్కడం, పొడవడం చేస్తే మంట లేస్తుంది. మదర్‌బోర్డు మీద ఐసీలు (చిప్‌లు) మార్చే పనిని, అంటే మన దగ్గర "చిప్ లెవెల్ సర్వీస్" అనే దాన్ని, దానికి తగిన పరికరాలున్న వారికే వదిలేయాలి. చిప్‌ను వేడి చేసి "నడుస్తోంది చూడండి" అని ఇచ్చే మరమ్మతులు తరచుగా కొన్ని వారాలకే మళ్లీ పోతాయి, కాబట్టి ఎన్ని నెలల గ్యారంటీ ఇస్తారో ముందే అడగండి.

హార్డ్ డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తూ అందులో మీకు కావలసిన సమాచారం ఉంటే, ఆన్ చేయడమే మానేసి డేటా రికవరీ చేసేవారికి ఇవ్వాలి. డిస్క్ మూత తెరిస్తే లోపల పడే దుమ్ము రేణువే చాలు మిగిలినది పాడుచేయడానికి.

ల్యాప్‌టాప్‌ను కూడా డెస్క్‌టాప్‌లాగే విప్పుకోవచ్చా?

అడుగున చిన్న మూత తీస్తే రామ్, హార్డ్ డిస్క్ కనిపించే పాత మోడళ్లలో విప్పుకోవచ్చు. మొత్తం అడుగు భాగం ఊడదీయవలసిన వాటిలో నేను వెనకాడతాను, దానికి కారణం ఉంది. ఒకసారి మా తమ్ముడి ల్యాప్‌టాప్ ఫ్యాన్ శుభ్రం చేద్దామని కూర్చుని, కీబోర్డ్ రిబ్బన్ కేబుల్‌ను పట్టి ఉంచే గోరంత ప్లాస్టిక్ లాక్‌ను పైకెత్తవలసింది పోయి పక్కకు లాగాను. అది విరిగింది. దుమ్ము పోయింది గానీ కీబోర్డ్ పనిచేయడం మానేసింది. తర్వాత షాపులో ఆ కనెక్టర్ మార్పించడానికి అయిన డబ్బు, మొదటే సర్వీసుకు ఇస్తే అయ్యేదానికి మూడింతలు. మా తమ్ముడు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతాడు. విప్పక తప్పకపోతే ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీయండి, స్క్రూలను ఏ చోటివి ఆ చోట కాగితం మీద గుచ్చి పెట్టండి, ఎందుకంటే పొట్టి స్క్రూ ఉండవలసిన చోట పొడుగు స్క్రూ బిగిస్తే బోర్డుకే చిల్లు పడవచ్చు.

ఎంత ఖర్చు దాటితే బాగు చేయించడం వృథా?

విడిభాగం ధర, కూలి, రాకపోకల ఖర్చు, పోయిన పనిదినం, ఈ నాలుగూ కలపండి. అదే స్థాయి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఈ రోజు ఎంతకు దొరుకుతుందో అడిగి తెలుసుకోండి. మొదటిది రెండోదానిలో సగం దాటితే నేను ఆగిపోతాను. ఉదాహరణకు, అలాంటి కంప్యూటర్ 9,000 రూపాయలకు వస్తుందనుకుందాం. మదర్‌బోర్డు రిపేరుకు 5,000 అడిగితే అది తగదు, అదే ఎస్‌ఎంపీఎస్‌కు 1,200 అయితే తగుతుంది. ఈ అంకెలు లెక్క చూపడానికి వేసినవే, ధరలు మారుతూ ఉంటాయి.

ఎస్‌ఎస్‌డీకి మాత్రం ఈ లెక్కలో మినహాయింపు ఇస్తాను, ఎందుకంటే ఈ కంప్యూటర్ పోయినా దాన్ని తీసి ఇంకో కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు. మదర్‌బోర్డు మీద పెట్టిన డబ్బు అలా తిరిగి రాదు.

ఊళ్లోనే ఇవ్వాలా, హైదరాబాద్ తీసుకెళ్లాలా?

మామూలు విడిభాగాలకు నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు చాలు. ఎస్‌ఎస్‌డీ, రామ్, ఎస్‌ఎంపీఎస్ దొరకడమే కాక, మళ్లీ చెడితే వెంటనే వెళ్లి అడగవచ్చు. పాత డీడీఆర్2 రామ్, అరుదైన ల్యాప్‌టాప్ స్క్రీన్, చిప్ లెవెల్ పని అయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అనే చోటుకు వెళ్లక తప్పదు. రెండు పట్టణాల నుంచీ హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. అచ్చంపేట నుంచో, గద్వాల నుంచో బయలుదేరేవారికి అది పూర్తిగా ఒక రోజు పని, పైగా రిపేరు అదే రోజు కాకపోతే రెండోసారి వెళ్లాలి. వెళ్లే ముందు మోడల్ నంబరు ఫోన్‌లో చెప్పి, సరుకు ఉందని ఖాయం చేసుకునే బస్సెక్కండి.

షాపుకు ఇచ్చేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

లోపం హార్డ్ డిస్క్‌లో లేకపోతే దాన్ని తీసి ఇంట్లో పెట్టుకుని మిగతాది ఇవ్వండి. డిస్‌ప్లే రావడం లేదన్న రిపేరుకు మీ పెళ్లి ఫోటోలు అవసరం లేదు. డిస్క్ ఇవ్వక తప్పకపోతే బ్యాకప్ తీసి, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులను తీసేయండి. కొంచెం కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే విండోస్‌లోని బిట్‌లాకర్‌తో తాళం పడి ఉండవచ్చు. మదర్‌బోర్డు మార్చితే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది, అది లేకపోతే డేటా తెరుచుకోదు. దాన్ని మైక్రోసాఫ్ట్ ఖాతా నుంచి ముందే రాసిపెట్టుకోండి.

రామ్, డిస్క్, బ్యాటరీల సీరియల్ నంబర్లకు ఫోటోలు తీసి, వాటిని చీటీలో రాయించండి. ఎప్పుడో ఒకచోట నేను 8 జీబీ రామ్‌తో ఇచ్చిన కంప్యూటర్ 4 జీబీతో తిరిగి వచ్చింది. చీటీలో "సీపీయూ 1" అని మాత్రమే రాసి ఉండటం వల్ల ఏమీ అనలేకపోయాను. అంచనా ఖర్చు దాటితే ఫోన్ చేసి అడగాలనీ, మార్చిన పాత భాగం తిరిగి ఇవ్వాలనీ ముందే మాట తీసుకోండి. బిల్లు తీసుకుంటే, గొడవ వచ్చినప్పుడు 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు అక్కడ ఫీజు లేదు.

విండోస్ 10కు మద్దతు ఆగిపోయింది కదా, ఇంకా ఈ పాత కంప్యూటర్ మీద ఖర్చు పెట్టడం ఎందుకు?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కంప్యూటర్‌లో ఉండాలి, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అనుమతిస్తున్నారు. అంతమాత్రాన యంత్రం చెడినట్టు కాదు. బ్రౌజర్, ఉత్తరాలు, పిల్లల చదువు వరకే అయితే విండోస్‌కు బదులు లైనక్స్ మింట్‌ను ఉచితంగా ఎక్కించుకోవచ్చు. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, ప్రింటర్, వైఫై పనిచేస్తున్నాయో లేదో చూసుకునే వీలు కూడా ఉంది.

నా వృత్తిలో ఉన్నవారి సంగతి వేరు. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లలో పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేసే మాకు పాత విండోస్ కావాలి, లెక్కల షాపులలో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు పాత పారలల్ పోర్టు కావాలి. అలాంటి కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపకుండా, ఆ ఒక్క పనికే ఉంచి బాగు చేయించుకోవడంలో అర్థం ఉంది. దాని విలువను సెకండ్ హ్యాండ్ ధరతో కొలవడం కుదరదు, పెళ్లిళ్ల సీజన్‌లో అది ఆగితే పోయే పనితో కొలవాలి. అందుకే పైన చెప్పిన సగం లెక్కను ఈ ఒక్క యంత్రానికి నేను పాటించను.

ఇక బాగు కాదని తేలిపోయింది. ఏం చేయాలి?

హార్డ్ డిస్క్ తీసి ఉంచుకోండి, లేదా డ్రిల్లుతో పలకలకు చిల్లులు వేసిన తర్వాతే పారేయండి. పాత సామాన్ల బండికి వేస్తే రాగి కోసం వైర్లు కాల్చేస్తారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత పరికరాలు రిజిస్టర్డ్ రీసైక్లర్‌లకు చేరే ఏర్పాటు తయారీదారుల బాధ్యత, కాబట్టి ఆ కంపెనీ హెల్ప్‌లైన్‌ను అడగండి. పనిచేసే రామ్, ఎస్‌ఎంపీఎస్, కేబుళ్లను మాత్రం ఒక అట్టపెట్టెలో దాచుకోండి. నా షాపులో ఏ కంప్యూటర్ ఆగినా ముందుగా తగిలించి చూసేది, చచ్చిపోయిన ఒక పాత డెస్క్‌టాప్ నుంచి తీసిపెట్టిన ఎస్‌ఎంపీఎస్‌నే.